సామాన్యవిద్య - దాని లక్ష్యములు : ఒక పరిశీలనము

విశ్వవిద్యాలయములలో 'సామాన్యవిద్య' యను పేర సాగుచున్న బోధనకు లక్ష్యమేమి యను ప్రశ్నకు సమాధానము ఆ పేరులోనే కొంతవఱకు దాగియున్నది. 'సామాన్య' శబ్దము తెలుగున రెండర్థములలో వాడబడుచున్నది. అందఱికిని సమానముగా చెందున దొకటి. విశేషము లేనిది, అల్పమైనది మఱియొకటి. ఈ విద్యను ప్రతిపాదించిన వారెల్లరును మొదటి యర్థమునే ఉద్దేశించిరి. కళాశాలలలో అది అమలు జరిగిన తీరు చూడగా రెండవ యర్థమే నిలిచినట్లు కనబడుచున్నది. ఈ భేద మేల కలిగినదో, దానితో తెలుగు శాఖలకు గల సంబంధమేమో విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

స్వతంత్ర భారతమున ఈ విషయమును విపులముగా చర్చించినది 1948లో నియమింపబడి 1949లో నివేదిక నొసగిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము. దాని అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపకులపతిగా నుండినవారు. సభ్యులలో ఆర్థర్ మోర్గన్, జాన్ టైగర్ట్ అను అమెరికా విద్యావేత్తలుండిరి. టైగర్ట్ అధ్యక్షుడుగా నుండిన ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున 1935 నాటికే సామాన్యవిద్యకు ప్రత్యేక కళాశాల వెలసినది. 1945లో హార్వర్డు విశ్వవిద్యాలయపు పండితులు ఈ విద్యపై నొక నివేదిక ప్రకటించి, చక్కగా ఆలోచించుట, ఆలోచనను ఎదుటివారికి తెలుపుట, సందర్భోచితముగా నిర్ణయించుట, విలువలను వివేచించుట యను నాలుగు సామర్థ్యములను లక్ష్యములుగా పేర్కొనిరి. ఈ నాలుగింటిలో ఏదియు ఒక శాస్త్రమునకు పేరు కాదని గుర్తింపవలెను. ఇవి విషయములు కావు, శక్తులు.

రాధాకృష్ణన్ సంఘము సామాన్యవిద్యను జాగుసేయక ప్రవేశపెట్టవలెనని కోరినది. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి సాహిత్య చరిత్రలతోడను, సాహిత్య విద్యార్థికి విజ్ఞానశాస్త్ర మూలసూత్రములతోడను పరిచయము కలుగవలెననుట దాని సారాంశము. విడివిడి సమాచారముకంటె సూత్రములకు ప్రాధాన్య మిచ్చుట ఈ నివేదికలోని గొప్ప గుణము. ఉన్నతవిద్యలో ఆంగ్లమునకు బదులు భారతీయభాష నెంత త్వరగా వీలైన నంత త్వరగా నిలుపవలెననియు ఆ సంఘమే చెప్పినది. కాని ఈ మాట బోధనమాధ్యమమునకు సంబంధించిన వేఱొక అధ్యాయమున చేరినది. తరువాత నివేదికను చదివినవారును ఈ రెండు సూచనలను రెండుగానే చూచిరి. చిక్కు ఇక్కడనే ఆరంభమైనదని మా యభిప్రాయము.

2020 నాటి జాతీయ విద్యావిధానము బహుశాస్త్ర విద్యను మరల ముందునకు తెచ్చినది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించిన పాఠ్యప్రణాళికలో మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు కలవు. అందు బహుశాస్త్ర పాఠములకు 9, భాషాసామర్థ్యమునకు 8, విలువల పాఠములకు 6 మొదలు 8 వఱకు కేటాయింపబడినవి. కొలత యుండుట తప్పు కాదు. కొలత లేనిదే బోధన సాగదు. కాని హార్వర్డు పండితులు ఒకే మనస్సునకు చెందిన నాలుగు శక్తులుగా చెప్పినవి ఇక్కడ నాలుగు గదులలో బంధింపబడినవి. ఒకచోట భాష, ఒకచోట విలువలు, ఒకచోట ఇతర శాస్త్రములు. ఇవన్నియు కలిసికొనుచోటు ప్రణాళికలో కానరాదు.

ఈ లోపమును ఒక యూరి యందు పరీక్షింతము. మండపేట గోదావరి డెల్టాలోని వరిపంటకును, బియ్యపు మిల్లులకును ప్రసిద్ధి చెందినది. ఆ ప్రాంతపు కళాశాలలకు 2006లో స్థాపితమైన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము అనుబంధ మొసగుచున్నది. అక్కడి పొలములకు నీరు 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట వలన వచ్చినది. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ నేలక్రింద మిక్కిలి లోతున నున్న సహజవాయువు గల ఒక రాతిపొరకు 'మండపేట ఇసుకరాయి' యని ఊరి పేరే పెట్టిరి. అది సుమారు 25 కోట్ల యేండ్ల నాటిది. గౌతమి కావలనున్న కోనసీమలో 2011 ఖరీఫున రైతులు పంట విరామము ప్రకటించి పొలములను బీడు పెట్టిరి. సాగుఖర్చు పెరుగుట, మద్దతుధర చాలకపోవుట, మురుగునీరు పాఱక చేలు మునుగుట వారు చెప్పిన కారణములు.

ఈ పంట విరామము ఏ శాస్త్రమునకు చెందినది? ధర అర్థశాస్త్రమునకు, మురుగుకాలువ ఇంజనీరింగునకు, కౌలు న్యాయశాస్త్రమునకు, ఆనకట్ట చరిత్రకు చెందును. రైతునకు మాత్ర మది యొక్కటే కష్టము. దానిని ఒక్కటిగా చూడగల చూపును సంపాదించి యిచ్చుటయే సామాన్యవిద్యకు లక్ష్యము. నాలుగు శాస్త్రములలో నాలుగేసి పాఠములు వినుటచేత ఆ చూపు రాదు. ఒక సమస్యను పట్టుకొని నాలుగు శాస్త్రములను దాని చుట్టు నిలిపినపుడే వచ్చును.

ఆ చూపు భాషతో ముడిపడియున్నది. ఆంధ్రప్రదేశములోని డిగ్రీ కళాశాలలయందు 2021-22 విద్యాసంవత్సరము నుండి ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఆంగ్లము వలన ఉద్యోగావకాశములు, విస్తృతమైన గ్రంథసంపద లభించుట సత్యమే. దానిని కాదనువారము కాము. కాని తాను చదివిన అర్థశాస్త్రమును కౌలురైతుతో మాటాడలేని విద్యార్థి, ఆలోచనను ఎదుటివారికి తెలుపవలెనను లక్ష్యమును ఏ విధమున సాధించినట్లు? ఎదుటివాడెవడో నిర్ణయింపక చెప్పిన లక్ష్యము లక్ష్యము కాజాలదు.

తెలుగున ఇది అసాధ్యమనుట చరిత్రకు విరుద్ధము. కందుకూరి వీరేశలింగము 1874లో నెలకొల్పిన పత్రికకు 'వివేకవర్ధని' యని పేరిడెను. శరీరశాస్త్రము, జ్యోతిశ్శాస్త్రము, తర్కము మున్నగువానిపై తెలుగున వ్రాసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్ర విజ్ఞానశాస్త్రముల నింటింటికి తెచ్చిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వవిచారము' వ్రాసిన చేతితోనే అర్థశాస్త్రమును తెలుగున వ్రాసెను. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పాఠ్యగ్రంథములను సమకూర్చినది. వీరిలో మొదటివారు కళాశాల కావలనే సామాన్యవిద్యను నడపిరి. ఆ గ్రంథములను మనము సాహిత్యచరిత్రలో పేర్లుగా చెప్పుచున్నామే కాని గద్యముగా చదివించుట లేదు.

లోపము ప్రణాళికాకర్తలదే యని తెలుగు శాఖలు తప్పించుకొనజాలవు. భాషాపాఠమునకు దక్కిన కొలది గంటలను ప్రతిపదార్థములకును, కవికాలనిర్ణయములకును వెచ్చించి, శాస్త్రగద్యమును ఇతర శాఖల సొత్తుగా విడిచితిమి. పద్యపఠనము మానవలెనని మా భావము కాదు. పద్యము నేర్పు వివేచన గద్యమునకును వ్యాపింపవలెను. పరీక్షలో ఒక్క ప్రశ్నయైన, విద్యార్థి తన ప్రధాన శాస్త్రములోని ఒక సూత్రమును తన యూరి సమస్యకు అన్వయించి, ఆ శాస్త్రము నెఱుగనివానికి బోధపడునట్లు తెలుగున వ్రాయునట్టిది ఉండవలెను. దానిని తెలుగు అధ్యాపకుడును, ఆ శాస్త్రపు అధ్యాపకుడును కలిసి దిద్దవలెను. ఇందులకు క్రొత్త క్రెడిట్లు అక్కఱలేదు. ఇరువురు అధ్యాపకులు ఒక బల్ల వద్ద కూర్చుండిన చాలును. అట్టి వ్రాతను చదివి మండపేట రైతు ప్రశ్న వేయగలిగిననాడు సామాన్యవిద్య తన మొదటి యర్థమును తిరిగి పొందును.