నీళ్లలో నిలిచే నూనె

మిర్చికి వేపనూనె కొట్టే రోజు డ్రమ్ము దగ్గర నిలబడితే చాలు, పని తెలిసినవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. తెలిసినవాడు నూనెను నేరుగా డ్రమ్ములో కుమ్మరించడు. బకెట్లో కాసిని నీళ్లు, సర్ఫ్ పొడి వేసి, నూనెను సన్నని ధారగా వదులుతూ పుల్లతో గిలకొడతాడు. పాలలా తెల్లబడ్డాకే డ్రమ్ములో పోస్తాడు. 2021లో గుంటూరు మిర్చి పూతను నల్ల తామర పురుగు చుట్టేసినప్పుడు శాస్త్రవేత్తలు చెప్పిన మందుల్లో వేపనూనె కూడా ఉంది.

ఆ తెలుపు ఎంతోసేపు ఉండదు. కలపడం ఆపితే నూనె పైకి తేలి రంగురంగుల పొర కడుతుంది. పైపు అడుగు నుంచి లాగుతుంటే మొదటి సాళ్లకు ఉత్త నీళ్లు, చివరి సాళ్లకు చిక్కటి నూనె. అక్కడ ఆకు మాడుతుంది.

నానో ఎమల్షన్ మీద నాకు అంత ఆసక్తి అందుకే. నూనె చుక్కను 200 నానోమీటర్ల లోపుకు తెస్తే అది తేలిపోకుండా నీళ్లలో తిరుగుతూనే ఉంటుంది. వేలూరు విఐటి పరిశోధకులు 2012లో వేపనూనెతో చేసి చూపించారు. నూనెను నీళ్లలో కలిసేలా చేసే ట్వీన్ 20 అనే పదార్థాన్ని నూనెలో మూడో వంతు కూడా వేయనప్పుడు చుక్క 251 నానోమీటర్లు, నూనెకు మూడింతలు వేస్తే 31. చుక్క తగ్గేకొద్దీ క్యూలెక్స్ దోమ పిల్లపురుగులు తక్కువ మోతాదుకే చచ్చాయి.

ఇలా నీళ్లలో నిలపడానికి నీలగిరి, నిమ్మగడ్డి తైలాలైతే ఇంకా మొండివి. వాటిలోని అణువులు చిన్నవి, నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతాయి. చిన్న చుక్కలోంచి కరిగిన తైలం పెద్ద చుక్కలోకి చేరిపోతుంటుంది. ఎంత గిలకొట్టినా ఇది ఆగదు. నీళ్లలో బొత్తిగా కరగని నూనె కొంచెం ఆ తైలంలో ముందే కలిపితే నెమ్మదిస్తుంది. ఈ కిటుకంటే నాకు మహా ఇష్టం. వేపనూనె కూడా ఆ పనికి వస్తుంది.

మూడింతల ట్వీన్ పోస్తే ఖర్చు రైతు మీద పడుతుంది, లేత ఆకు తట్టుకుంటుందో లేదో చూడాలి. పైగా నానో ఎమల్షన్ మందుల్లో చాలావాటికి వేడి పడదు. ప్రయోగశాలలో చల్లగా నిలిచినంత మాత్రాన మన రేకుల షెడ్డులో మే నెల గడుస్తుందని నేను నమ్మను. నానో అని అమ్మేవాళ్లు నూనె శాతం, ఎంత వేడిలో ఎన్ని నెలలు నిలుస్తుందో సీసా మీద వేయాలి. అప్పటిదాకా పెట్టెలకు పెట్టెలు కొనకండి. ఒక్క సీసా తెచ్చి వేసవంతా షెడ్డులోనే ఉంచి, గాజు గ్లాసు నీళ్లలో కలిపి మర్నాడు పొద్దున నూనె పైకి తేలిందేమో చూడండి.