రెండున్నర మిల్లీమీటర్ల పనితనం

హైదరాబాదులో రాత్రి పదకొండు దాటాక ఏదైనా కూడలిలో వరసగా కోన్లు పెట్టి, పక్కన లారీ మీద గ్యాస్ సిలిండర్లతో బాయిలర్ మండుతూ కనిపిస్తే అక్కడ గీతలు వేస్తున్నారని అర్థం. పొద్దున ఆ దారిన ఆఫీసులకి వెళ్లేవాళ్లకి కొత్త జీబ్రా క్రాసింగ్ కనిపిస్తుంది గానీ వేసినవాళ్లు కనిపించరు. ‘పెయింట్ కొట్టారు’ అనేసి పోతాం. నిజానికి అక్కడ బ్రష్షూ లేదు, డబ్బా పెయింటూ లేదు.

వాడేది థర్మోప్లాస్టిక్. సంచుల్లో పొడిగా వస్తుంది. అంటుకోడానికి రెజిన్, తెలుపుకి టైటానియం డయాక్సైడ్, నిండుదనానికి సున్నపురాయి పొడి, వీటితోపాటు బరువులో ఇంచుమించు మూడో వంతు సన్నటి గాజుపూసలు. దీన్ని 180 నుంచి 200 డిగ్రీల దాకా కాచి, అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. వేడి చాలకపోతే రోడ్డుని పట్టదు, మించితే రెజిన్ మాడి తెలుపు కాస్తా పాలిపోయిన గోధుమరంగుకి తిరుగుతుంది. తారు మీద పోయగానే ఆ వేడికి పైపొర కూడా కొద్దిగా కరిగి రెండూ ఒకటవుతాయి. సిమెంటు రోడ్డు అలా కరగదు కాబట్టి ముందు ప్రైమర్ పూసి ఆరనివ్వాలి. ఆ పూత ఎగ్గొట్టారా, గీత పెచ్చులుగా లేచిపోతుంది. కాలనీ రోడ్లలో సగం చెరిగిన గీతల వెనక చాలాసార్లు ఈ కథే ఉంటుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్దేశించిన మందం 2.5 మిల్లీమీటర్లు. ఆ మందానికి చదరపు మీటరుకు సుమారు 5 కిలోల సరుకు పడుతుంది. అంటే పాతిక కిలోల సంచితో పది సెంటీమీటర్ల వెడల్పు గీత యాభై మీటర్లు నడుస్తుంది. మందం సగం చేస్తే అదే సంచి వంద మీటర్లు వస్తుంది. కక్కుర్తికి చోటు ఎక్కడుందో తెలిసిందిగా!

పని మొదలయ్యేది దారంతో. రోడ్డు ఊడ్చి, తడి లేదని చూసుకుని, ఇద్దరు రెండు కొసల్లో కూర్చుని దారం బిగిస్తారు. దాని వెంట సుద్దతో గుర్తు పెడతారు. వంపు వచ్చిన చోట దారం సాయం చెయ్యదు. దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టి, కంటి అంచనాతో వాటిని కలుపుకుంటూ పోవాలి. చుక్కల ముగ్గు తెలిసిన చేతికి ఇది కొత్తగా అనిపించదు.

ఆ తర్వాత తోపుడు యంత్రం వస్తుంది. దాని ముందు సూటిగా ఒక ఇనుపకడ్డీ ఉంటుంది. తోసేవాడి కన్ను ఆ కొస మీద, సుద్దగుర్తు మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. మీట ఎత్తితే అడుగున ఉన్న పెట్టె నోరు తెరుచుకుని కరిగిన సరుకు పరుచుకుంటుంది. మీట ఎత్తడం, అడుగు వెయ్యడం ఒక్కసారే జరగాలి. క్షణం ఆలస్యమైతే గీత మొదట్లోనే ముద్ద. ఆపేటప్పుడు క్షణం తొందరపడితే కొస చిరిగినట్టు ఉంటుంది. నా మటుకు నేను గీత పొడవునా చూడను, దాని రెండు కొసలు చూస్తాను. అవి నలుచదరంగా తెగి ఉంటే తోసినవాడు పని తెలిసినవాడే.

అన్నిటికన్నా సున్నితమైన పని పూసలది. మిల్లీమీటరు లోపు సైజున్న ఈ గాజుపూసలు లోపల కలిపినవి చాలవు. గీత వేడిగా ఉండగానే పైన మళ్లీ చల్లాలి, చదరపు మీటరుకు 250 గ్రాములు. హెడ్‌లైటు వెలుగు పూసలోకి దూరి, వంగి, వెనకనున్న తెలుపుకి తగిలి, వచ్చిన దిక్కుకే తిరిగిపోతుంది. అందుకే చీకట్లో ఆ గీత డ్రైవరుకి వెలుగుతుంది, ఫుట్‌పాత్ మీద నిలబడ్డవాడికి వెలగదు. ఇదంతా జరగాలంటే పూస సగానికి కాస్త ఎక్కువ మునగాలి. సరుకు మరీ వేడిగా ఉంటే పూస పూర్తిగా మునిగి గుడ్డిదవుతుంది. చల్లారాక పడితే పైపైన కూర్చుని, మొదటి రోజు టైర్లకే ఊడిపోతుంది. మరి లోపల కలిపిన పూసల సంగతి? పైవి అరిగేకొద్దీ అవి ఒక్కొక్కటే బయటపడి వంతు తీసుకుంటాయి. ఈ ఏర్పాటు ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

అయితే వాన పడితే ఈ విద్య పారదు. పూసల మీద నీటిపొర నిలిస్తే వెలుగు పక్కకి చెదిరిపోతుంది. ఆ లోటు తీర్చేవి రోడ్డులో పాతే మెరుపు బిళ్లలు. ఇంగ్లండులో పెర్సీ షా 1934లో పేటెంట్ తీసుకున్న ‘క్యాట్స్ ఐ’ వాటికి పెద్దన్న. రోడ్డు మధ్య గీత అంతకన్నా పాతది. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ హైన్స్ 1911లో వేయించాడు. జీబ్రా క్రాసింగ్ 1951లో బ్రిటన్‌లో అధికారికంగా వచ్చింది.

ఇక అక్షరాలు. దగ్గర నిలబడి చూస్తే రోడ్డు మీది అక్షరం సాగదీసినట్టు వికారంగా ఉంటుంది. కారు డ్రైవరు కన్ను రోడ్డుకి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ముప్ఫై మీటర్ల దూరం నుంచి చూస్తే, రెండున్నర మీటర్ల పొడవు అక్షరం అతనికి పది సెంటీమీటర్ల ఎత్తుదిగా కూడా అనిపించదు. అందుకే ఆ సాగదీత. తెలుగులో రాయాలంటే ఇంకో చిక్కు ఉంది. ‘నెమ్మది’ అంటే కింది ఒత్తు కూడా సాగి అదనపు చోటు తింటుంది. ‘ఆగు’కి ఆ బాధ లేదు. రోడ్డుకి పుట్టిన మాట అది.

2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ మొదలుపెట్టి, స్టాప్ లైన్ దాటితే 100, ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డం నిలిస్తే 1000 రూపాయల జరిమానా అన్నారు. మంచిదే. కానీ గీత స్పష్టంగా ఉన్నప్పుడే జరిమానాకి న్యాయం. తారు వేసి గీత మరిచిపోయిన చోట, జీబ్రా తిన్నగా డివైడర్‌లోకి వెళ్లి ఆగిపోయిన చోట జనాన్ని తప్పుపట్టలేం. బిల్లు పాస్ చేసే ఇంజినీరు ఒక్క రాత్రి టార్చి కంటి పక్కన పట్టుకుని గీత వెంట నడిస్తే చాలు, పూసలు పడ్డదీ లేనిదీ తేలిపోతుంది.

మనం చెయ్యాల్సింది అంతకన్నా తేలిక. సరుకు గట్టిపడటానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఈసారి రాత్రిపూట కోన్లు కనిపిస్తే వాటి మధ్య సందులోంచి బైకు దూర్చకండి. మీ టైరు ముద్ర ఆ గీత అరిగిపోయేదాకా అక్కడే ఉంటుంది.