రూమ్ టోన్ చెప్పే గొంతు

డాక్యుమెంటరీ తీసేవాళ్ల పనిలో ప్రేక్షకుడికి ఎప్పటికీ తెలియని ముప్పై సెకన్లు ఉంటాయి. ఇంటర్వ్యూ అయిపోగానే సౌండ్ రికార్డిస్టు అందర్నీ కదలొద్దంటాడు. మాట్లాడినాయన కుర్చీలోంచి లేవడు. కెమెరా దగ్గరున్నవాడు కాలు కూడా మార్చడు. ఫ్యాను తిరిగే చప్పుడు, గోడవతల కుళాయి, ఎక్కడో కాకి... ఆ చోటికి సొంతమైన ఆ సద్దును విడిగా పట్టుకోవడాన్నే రూమ్ టోన్ అంటారు. ఎడిటింగులో మాటలు కత్తిరించిన చోటల్లా ఖాళీ వినపడకుండా దాన్ని అతుకు వేస్తారు. ఇదంతా జరిగే ముందు రికార్డిస్టు మైకులో ఊరి పేరు, చోటు పేరు చెప్తాడు. ఎడిటరు మొట్టమొదట కత్తిరించి పారేసేది ఆ గొంతునే.

మా బృందంలో ఆ గొంతు నా స్నేహితుడిది. అండమాన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల మీద మేం తీస్తున్న సినిమా సగంలో ఉండగా గుండెపోటుతో పోయాడు. ఓడ టికెట్లు, అనుమతులు, ఇచ్చిన మాటలు అన్నీ వాయిదా వేసే వీలు లేనివే. కర్మకాండలు ముగిశాక విశాఖలో ఓడెక్కాం. రెండు రోజులకు పైగా నీళ్లు తప్ప ఏమీ కనపడని ఆ ప్రయాణం గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

చెప్పాల్సింది రోడ్డు గురించి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన దిగ్లీపూర్ దాకా అండమాన్ ట్రంక్ రోడ్డు వెళ్తుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లన్నీ వరసకట్టి ఆగుతాయి. అక్కణ్ణుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జరావా అనే ఆదిమ తెగ ఉండే అడవి. పోలీసు కాపలాతో కాన్వాయ్‌గానే వెళ్లాలి. మధ్యలో ఆగకూడదు, కెమెరా బయటికి తీయకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు ఉండనే ఉన్నాయి. పర్యాటకుల ముందు జరావా ఆడపిల్లల చేత డాన్సు చేయిస్తున్న వీడియో 2012లో బయటపడ్డాక దేశమంతా సిగ్గుపడింది. ఆ తర్వాత శిక్షలూ పెరిగాయి. అంతకు చాలా ముందే, 1974లో, ఫిల్మ్స్ డివిజన్ తరఫున ప్రేమ్ వైద్య ‘మ్యాన్ ఇన్ సెర్చ్ ఆఫ్ మ్యాన్’ తీస్తూ ఉత్తర సెంటినెల్ దీవి ఒడ్డుకు వెళ్లినప్పుడు దర్శకుడి తొడలో అక్కడి తెగవాళ్ల బాణం దిగింది. మమ్మల్ని తీయొద్దు అన్న మాట అంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఈ రోడ్డు మీద కెమెరా సంచిలో ఉండాల్సిందే. నాకు అందులో రెండో మాట లేదు.

కాకపోతే ఆ రోడ్డు మీద నాకు చేతిలో పనిలేకుండా పోయింది. శ్మశానంలోనూ, పదో రోజునా, ఓడ మీదా సామాను లెక్క చూసుకుంటూ, బ్యాటరీలు చార్జింగు పెట్టుకుంటూ గడిపేశాను. జిర్కాటాంగ్ దాటాక కిటికీలోంచి చెట్లు చూడటం తప్ప చేసేదేమీ లేదు. అక్కడ ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి పాట ఆపేశాడు. దుఃఖం వచ్చినప్పుడు పనిలో పడిపోవాలని మనవాళ్లు చెప్తారు. మంచి సలహానే. కానీ కెమెరా మూసి కూర్చోవాల్సిన ఒక రోడ్డు దొరకడం నాకు మేలే చేసింది.

మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చాక జంగ్లీఘాట్‌లో మత్స్యకారుల వాడకు వెళ్లాం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసొచ్చిన కుటుంబాలవి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. అక్కడొక పెద్దాయన్ని ముందు షెడ్యూలులో కొంత తీశాం. చొక్కా లేకుండా కూర్చుంటే మైకు పెట్టడానికి చోటు లేక, నా స్నేహితుడు ఆయన భుజం మీది తువ్వాలు మడతలో దాన్ని దాచాడు. ఈసారి ఆయన తువ్వాలు తీసి తనే మడతపెట్టి భుజాన వేసుకుని, మా వెనక చూశాడు.

“ఆ బాబు రానేదేటి?”

చెప్పాను. ఆయన కాసేపు వలవైపు చూసి, “నాకూ ఒక జతగాడు ఉండీవోడు బాబూ” అన్నాడు. ఒకే పడవలో ఏళ్లకేళ్లు వేటకెళ్లినవాడు. 2004 డిసెంబరు 26 పొద్దున పనిమీద లిటిల్ అండమాన్‌లోని హట్‌బేలో ఉన్నాడట. తిరిగి రాలేదు. అంతకుముందు సునామీ గురించి ఎంత అడిగినా ఇళ్లు, పడవలు, నష్టపరిహారం గురించే చెప్పిన మనిషి, ఆ జతగాడు చుట్ట ఎలా కాల్చేవాడో, ఏ చేప పడితే ఏ కూత వేసేవాడో చెప్పుకుపోయాడు.

రికార్డర్ ఆన్ చేసి లేదు. అదంతా మళ్లీ చెప్పమని నేను అడగలేదు. మా వృత్తిలో ఇలా అడగడం మామూలే: “చాలా బాగా చెప్పారండీ, ఇంకొక్కసారి కెమెరాలోకి చూసి చెప్పండి.” ఏడుపును రెండో టేకు అడగడం తప్పని ఇప్పుడు గట్టిగా అంటాను. ఆయన ఆ మాటలు చెప్పింది సినిమాకు కాదు, స్నేహితుణ్ణి పోగొట్టుకున్న ఇంకో మనిషికి. సినిమాలో అవి ఉండవు.

ఇప్పుడు మైకు పట్టే కుర్రాడు పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టాడు. తాతలది సోంపేట వైపు. ఇంట్లో తెలుగు, బయటంతా హిందీ. “జంగ్లీఘాట్, రూమ్ టోన్, తీస్ సెకండ్, కోయీ హిల్నా మత్” అంటాడు. నా స్నేహితుడైతే, “గురూ, నువ్వు కూడా ఊపిరి మెల్లగా పీల్చు” అనేవాడు. ఉత్తరాన మాయాబందర్ లాడ్జిలో ఉన్నప్పుడు అతని పాత ఫైళ్లు పెట్టుకుని విన్నాను. రంగత్ జెట్టీ అంటాడు, ఊరి పేరు తప్పు పలికి మళ్లీ దిద్దుకుంటాడు, దగ్గు ఆపుకుంటాడు. ముప్పై సెకన్లూ ఇంజన్ల చప్పుడు. చివర్లో “చాలు” అంటాడు. సినిమాల్లో పేర్లు పడేటప్పుడు ఒక్క గీతలో సరిపోయే మనిషి, ఆ ఫైళ్లలో మాత్రం నిండుగా ఉన్నాడు.

దీవుల్లో పని చేసినవాళ్లలో ఇలా నష్టపోయింది నేనొక్కణ్ణే కాదు. 1970ల చివరి నుంచి అండమాన్ నికోబార్ తీరాల వెంట కాలినడకన తిరిగి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను నమోదు చేసిన సతీష్ భాస్కర్ మీద తైరా మలానీ ఏళ్ల తరబడి ‘టర్టిల్ వాకర్’ తీశారు. సినిమా 2024 నవంబరులో న్యూయార్క్‌లో మొదటిసారి జనం ముందుకొచ్చింది. ఆయన 2023 మార్చిలోనే కన్నుమూశారు. ఆయన తిరిగిన గ్రేట్ నికోబార్ తీరాల్ని సునామీ ముంచింది. ఇప్పుడు అక్కడి గలతియా బేలో పెద్ద ఓడరేవు తలపెట్టారు. ఆ ఇసుక ఒకప్పుడు ఎవరిదో చెప్పడానికి ఆయన రాసుకున్న లెక్కలు, ఆయన మాట్లాడుతుండగా పట్టుకున్న గొంతు మిగిలాయి.

గొంతు దక్కనివాళ్లూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు పడిన ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చి అండమాన్‌కు పంపారు. ఆయన బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు గెలిచాడు. పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలు వరండాల్లో రూమ్ టోన్ తీస్తున్నంతసేపూ ఆయనే గుర్తొచ్చాడు. ఆ మనిషి ఎలా మాట్లాడేవాడో వినాలని ఎంత ఉన్నా, ఆయన గొంతు నేనెక్కడా వినలేదు.

షూటింగుల్లో పనిచేసే కుర్రాళ్లకు ఒక మాట. ఎడిటింగు అయిపోయిందని రా ఫైళ్లు చెరిపేయకండి. “యాక్షన్”కు ముందూ, “కట్” తర్వాతా ఉన్న సౌండును విడిగా ఒక ఫోల్డరులో వేసి, రెండు డ్రైవుల్లో దాచండి. అందులో ఎవరి గొంతుందో పేరు, ఊరు, తేదీ తెలుగులో రాసి పెట్టండి. కెమెరా ముందు కూర్చున్నవాళ్ల పేర్లే కాదు, వెనక నిలబడ్డవాళ్లవి కూడా.