మరచిపోయినా ఫర్వాలేని జాబ్ ఏది?

“రాత్రి రెండింటికి ఒక సీఎస్‌వీ ఫైలు చదవాలి, వరుసలు సరిచేయాలి, ఇంకో ఫైలుగా రాసి పెట్టాలి. ఈమాత్రానికి డేటాబేస్ ఎందుకన్నా?” జావా టీముల్లో కొత్తగా చేరిన పిల్లలు తరచూ అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. స్ప్రింగ్ బూట్‌లో బ్యాచ్ స్టార్టర్ చేర్చి రన్ కొట్టగానే, డేటాసోర్స్ యూఆర్‌ఎల్ ఇవ్వలేదంటూ అప్లికేషన్ మొదట్లోనే ఆగిపోవడం చాలా ఏళ్లుగా అందరం చూసిందే. ఫైలు నుంచి ఫైలుకు వెళ్లే పనికి ఒరాకిల్ స్కీమా అడగాలంటే, డీబీఏ టికెట్ పెట్టి వారం ఎదురుచూడాలంటే ఎవరికైనా విసుగే.

అసలు స్ప్రింగ్ బ్యాచ్ డేటాబేస్ అడిగేది మన డేటా కోసం కాదు, తన చిట్టా కోసం. ఏ జాబ్‌ను ఏ పారామీటర్లతో నడిపాం, ఏ స్టెప్ ఎక్కడిదాకా వచ్చింది, ఎన్ని చదివింది, ఎన్ని రాసింది అన్న వివరాలన్నీ ఆరు టేబుళ్లలో రాసుకుంటుంది. దాని విలువ జాబ్ సగంలో పడిపోయిన రోజున తెలుస్తుంది. పదివేల వరుసల ఫైలు అనుకోండి. చంక్ సైజు 100. 4,350వ వరుస దగ్గర ఎక్సెప్షన్ వచ్చింది. అప్పటికి 43 చంక్‌లు కమిట్ అయ్యాయి, చిట్టాలో 4,300 అని ఉంది. తప్పు సరిదిద్ది అవే పారామీటర్లతో మళ్లీ నడిపితే రీడర్ 4,301 నుంచి అందుకుంటుంది. చిట్టా లేకపోతే ఒకటో వరుస నుంచే మొదలు.

నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఇక్కడే ఉంది. ఒకటి నుంచి మొదలైతే ఎవరికైనా నష్టమా? ఫైలు రాసే జాబ్‌కు నష్టం లేదు. ఫ్లాట్‌ఫైల్ రైటర్ కొత్తగా మొదలైనప్పుడు పాత ఫైలును తీసేసి రాస్తుంది, దాని డీఫాల్ట్ అదే. కానీ ఆ రైటర్ ఖాతాదారులకు ఎస్‌ఎంఎస్‌లు పంపేదైతే? 4,300 మందికి ఒకే బిల్లు గురించి రెండోసారి ఫోన్ మోగుతుంది. డబ్బు బదిలీ చేసేదైతే ఇక చెప్పక్కర్లేదు.

డేటాబేస్ వదిలించుకోవడానికి మనవాళ్లు పడ్డ పాట్లకు పెద్ద చరిత్రే ఉంది. స్ప్రింగ్ బ్యాచ్ నాలుగో వెర్షన్ రోజుల్లో డీఫాల్ట్ బ్యాచ్ కాన్ఫిగరర్‌ను ఎక్స్‌టెండ్ చేసి, సెట్ డేటాసోర్స్ మెథడ్‌ను ఖాళీగా ఓవర్‌రైడ్ చేసేవాళ్లం. డేటాసోర్స్ దొరక్క అది చిట్టాను మెమరీలోనే ఉంచే మ్యాప్ రిపాజిటరీకి మళ్లేది. ఈ చిట్కా ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు కాపీ అవుతూ తిరిగింది. ఆ మ్యాప్ రిపాజిటరీ టెస్టుల కోసం ఉద్దేశించినది. ఎక్కువ థ్రెడ్లు పెడితే నమ్మడానికి లేదు. 2020లో 4.3 వెర్షన్‌లో దాన్ని డిప్రికేట్ చేశారు, 2022 నవంబర్‌లో వచ్చిన 5.0లో తీసేశారు. ఆ తర్వాత రెండేళ్లపాటు అందరికీ హెచ్‌టూ ఇన్‌మెమరీ డేటాబేసే దిక్కయింది.

2024 నవంబర్‌లో 5.2తో రిసోర్స్‌లెస్ జాబ్ రిపాజిటరీ వచ్చింది. పేరుకు తగ్గట్టే ఇది ఏమీ దాచుకోదు. దీనికి తోడు రిసోర్స్‌లెస్ ట్రాన్సాక్షన్ మేనేజర్‌ను ఇస్తే సరిపోతుంది. ఆరో వెర్షన్‌లోనైతే ఇదే డీఫాల్ట్; టేబుళ్లు కావాలంటే మనమే జేడీబీసీ రిపాజిటరీ అని విడిగా చెప్పుకోవాలి. ఇన్నేళ్లకు సరైన వైపు తిరిగారనిపించింది నాకు. అయితే దీని హద్దులు చదవకుండా వాడేవాళ్లను చూస్తే భయమేస్తుంది. ఇది థ్రెడ్ సేఫ్ కాదు. ఒక జేవీఎం, అందులో ఒక జాబ్, పని అయ్యాక ప్రాసెస్ ముగింపు: ఈ పద్ధతికే పనికొస్తుంది. స్టెప్పుల మధ్య ఎగ్జిక్యూషన్ కాంటెక్స్ట్‌లో డేటా పంచుకుంటున్నా, పార్టిషన్లు వేసినా దీని జోలికి వెళ్లకూడదు. అలాంటప్పుడు మెమరీలో హెచ్‌టూ పెట్టుకోవడమే మేలు. జేవీఎం ఆగితే అదీ పోతుంది గానీ, నడిచినంతసేపు అన్ని నియమాలూ పాటిస్తుంది.

చిట్టా ఉండటంలోనూ ఒక తలనొప్పి ఉంది, చెప్పకపోతే అన్యాయం. కరెంటు పోయి ప్రాసెస్ ఉన్నపళంగా చచ్చిపోతే టేబుల్‌లో ‘స్టార్టెడ్’ అన్న మాట అలాగే నిలిచిపోతుంది. మర్నాడు అవే పారామీటర్లతో నడపబోతే, ఆ జాబ్ ఇంకా నడుస్తూనే ఉందంటూ మొండికేస్తుంది. ఎవరో ఒకరు ఆ స్టేటస్ సరిచేయాలి. రిసోర్స్‌లెస్‌కు ఈ బాధ లేదు.

డేటాబేస్ తీసేశాక ఆ జ్ఞాపకం బరువును ఫైల్ సిస్టమ్ మోయాలి. నేను పాటించే పద్ధతి చెబుతాను. రీడర్‌లో సేవ్ స్టేట్‌ను ఫాల్స్ చేస్తాను. అవుట్‌పుట్‌ను అసలు పేరుతో రాయను. తాత్కాలిక పేరుతో రాసి, జాబ్ పూర్తయ్యాకే అదే డైరెక్టరీలో అటామిక్ మూవ్‌తో పేరు మారుస్తాను. అప్పుడు సగం రాసిన ఫైలు అవతలివాళ్ల కంట పడదు. ఇన్‌పుట్ ఫైలును ఆ తర్వాతే ‘డన్’ ఫోల్డర్‌లోకి పంపుతాను. మెయిన్ మెథడ్‌లో స్ప్రింగ్ అప్లికేషన్ ఎగ్జిట్ కోడ్‌ను సిస్టమ్ ఎగ్జిట్‌కు తప్పకుండా అందిస్తాను. చాలామంది వదిలేసేది ఈ ఒక్క లైనే. అది లేకపోతే జాబ్ ఫెయిలైనా ప్రాసెస్ సున్నాతో ముగుస్తుంది, షెడ్యూలర్ పచ్చ గుర్తు చూపిస్తుంది. టేబుళ్లు కూడా లేవు కాబట్టి, లాగ్ తెరిచి చూసేదాకా జరిగింది చెప్పే దిక్కుండదు.

మీ జాబ్ నుంచి డేటాబేస్ తీసేద్దామనుకుంటుంటే ముందు టెస్ట్ సర్వర్‌లో దాన్ని మొదలుపెట్టండి. సగంలో కిల్ మైనస్ నైన్ కొట్టండి. మళ్లీ నడపండి. వచ్చిన ఫైలును, ఒక్కసారే పూర్తిగా నడిపినప్పుడు వచ్చిన ఫైలుతో డిఫ్ చేయండి. ఒక్క వరుస తేడా వచ్చినా ఆ టేబుళ్లను ఉండనివ్వండి.