కాశీయాత్ర చరిత్రలో నీటి జాడ

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ తెలుగువారు మసలే పేట. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసవచ్చిన మత్స్యకార కుటుంబాలు అక్కడ ఉన్నవి. ముందు సముద్రం, వెనుక వానకు తడిసిన అడవి. మెట్టకొండలు దిగి కాలువగట్టు చేరే దారిని అక్కడ పుట్టి పెరిగిన పాఠకునికి చూపవలసినది గ్రంథమే. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఆ పని ఎంతవరకు చేయగలదు?

1830 మే నెలలో చెన్నపట్టణం విడిచి, కడప, హైదరాబాదుల మీదుగా కాశికి పోయి, కలకత్తా, జగన్నాథం చూచుకొని, కోస్తా వెంట 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన యాత్ర అది. గ్రంథం అచ్చయినది 1838లో, కర్త గతించిన పిమ్మట.

ఆ వచనం కొండల సొగసు కోసం ఆగదు. ఊరు వచ్చినదంటే మంచినీళ్ళున్నవా, అంగడి ఉన్నదా, బాట ఎట్లున్నది అన్నవే ప్రశ్నలు. దీనిని శుష్కవచనమని త్రోసివేయడం సులభం. కాని పెద్ద పరివారంతో కడప మెట్టలు దాటేవానికి బావి అలంకారం కాదు. నేల ఎండినంత మేరా వాక్యమూ పొడిగానే నడుస్తుంది. ఆ భాగానికి ప్రాణం ఆ పొడితనమే. ఇటీవలి యాత్రావచనంలో కారు కొండ మలుపు తిరుగగానే పచ్చని తివాచీ పరచుకొంటుంది. (ఈ తివాచీ ఎంతమంది చేతులు మారి అరిగినదో!) దానికి నీరు ఏ తూము నుంచి వచ్చినది, చివరి మడికి అందినదా అని అడిగేవారు అరుదు.

అయితే వీరాస్వామయ్యను చదివేవాడు ఒకచోట జాగ్రత్తపడాలి. తిరుగుప్రయాణంలో గోదావరి సీమ రాగానే మన మనస్సు తానే కాలువలు త్రవ్వుకొంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనది 1847లో, ముగిసినది 1852లో. ఆయన చూచినది నదిని, నేటి ఆయకట్టును కాదు. ఆయన ఇల్లు చేరిన మరుసటి యేడే నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టినది. కర్నూలు–కడప కాలువ కూడ 1860 తరువాతి మాట; త్రవ్వించిన కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వం దానిని తీసుకొన్నది. మెట్టకూ మాగాణికీ నడుమ నేడు కనబడే గీతను ఆ గ్రంథంలో వెదకడం పాఠకుని పొరపాటు.

గ్రంథానికి కొరత లేకపోలేదు. నేల పల్లకీలోనివానికి తెలిసినంతే మనకు తెలుస్తుంది. మోసిన బోయీల పాదాలకు తెలిసినది అచ్చెక్కలేదు. బ్రతుకుతెరువు కోసం కడలి దాటి జంగ్లీఘాట్ చేరినవారి ప్రయాణమూ సాహిత్యంలో దాదాపు ఆ స్థితిలోనే ఉన్నది. దానిని వ్రాయబూనేవారు ఓడ ఎక్కిన రేవు వర్ణనకు ముందు, విడిచివచ్చిన ఊరి చెరువులో ఆ యేడు నీరున్నదా అని విచారించవలసి ఉంటుంది.