ప్రశస్తి - కథ - సాక్ష్యము : ప్రాథమిక తరగతుల చరిత్రపాఠ రచనా పరిశీలనము

చరిత్రపాఠమును సాహిత్యవిమర్శకు విషయముగా గ్రహించుట కొందఱికి వింతగా దోచవచ్చును. కావ్యమునకు, నాటకమునకు, నవలకు లక్షణములు నిర్ణయించి గుణదోషవిచారణ చేయు మనము, ఎనిమిదేండ్ల బాలుడు చదువుకొను రెండు పుటల వచనమును రచనగా లెక్కింపము. కాని తెలుగువారిలో అత్యధికసంఖ్యాకులు గతకాలమును గుఱించి మొట్టమొదట చదువు వచనము అదియే. పలువురకు కడపటిదియు అదియే.

2005వ సంవత్సరపు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము మూడవ తరగతి మొదలు ఐదవ తరగతి వఱకు చరిత్రను ప్రత్యేకవిషయముగా ఉంచక, పరిసరాల విజ్ఞానములో చేర్చినది. కావున ఈ తరగతులలో చరిత్ర రెండు ద్వారముల గుండ ప్రవేశించుచున్నది. ఒకటి పరిసరాల విజ్ఞానము, రెండవది తెలుగు వాచకము. ఈ రెండవ ద్వారమునకు కాపున్నవారు తెలుగు చదివినవారే. పాఠము పిల్లలకు రక్తికట్టుట లేదన్నప్పుడు సాధారణముగా బోధనవిధానమును తప్పుపట్టి, పటములు, పాటలు, నాటికలు చేర్చుడని ఉపాధ్యాయునకు ఉపదేశించుచుందుము. దోషము అంతకుముందే, పాఠము రచింపబడినచోటనే ఉన్నదని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

మనకు సుపరిచితమైన పాఠపు ధోరణిని ఒకమాఱు జ్ఞప్తికి దెచ్చుకొందము. ఆ రాజు మహావీరుడు. శత్రువుల నోడించెను. చెఱువులు త్రవ్వించెను. దేవాలయములు కట్టించెను. కవులను ఆదరించెను. ప్రజలను కన్నబిడ్డలవలె పాలించెను. ఇట్టి పాఠమునకు ఒక సులభమైన పరీక్ష గలదు. రాజు పేరు తీసివేసి, వేఱొక వంశపు రాజు పేరు అచట నుంచి చదువవలయును. వాక్యము లేవియు తడబడకున్నచో అది చరిత్రపాఠము కాదు. ఒకే అంగీ అందఱికిని సరిపోయినదన్న, అది ఎవరి కొలతకును కుట్టినది కాదనుట స్పష్టము. బాలురు ఈ సంగతిని మనకంటె ముందే గ్రహింతురు. గణపతిదేవునకును కృష్ణదేవరాయలకును భేదము పేరొక్కటే యైనపుడు, ఆ పేరును బట్టీ పట్టుట తప్ప వారు చేయదగిన పని యేమున్నది?

ఈ ధోరణి ఎచటినుండి వచ్చినది? మన శాసనములను చూచినచో దీని పుట్టుక తెలియగలదు. దానశాసనము సాధారణముగా రెండు భాగములుగా నుండును. మొదటిది ప్రశస్తి. అందు రాజు సూర్యునితో, సింహముతో, కల్పవృక్షముతో పోల్చబడును. రెండవది దాన వివరణము. ఏ యూరిలో, ఏ దినమున, ఏ పొలము, ఎంత కొలత, తూర్పున ఏ చెఱువు, పడమట ఏ పుట్ట, పన్ను ఎంత, చెల్లింపవలసినవారెవరు అనునవి అందుండును. ప్రశస్తి వంశమునుండి వంశమునకు కొద్దిపాటి మార్పులతో నడచుచుండును. దాన వివరణము మాత్రము ఆ యూరిది, ఆ దినముది. వేఱొకచోట అతుకదు. చరిత్రకారుడు మొదటి దానిని జాగ్రత్తతో చదివి, రెండవ దానిని ఆశతో చదువును. మన పాఠరచయితలు మొదటి దానిని గ్రహించి రెండవ దానిని విడిచిరి. సింహమును ఉంచుకొని పొలమును పాఱవేసిరి.

సంక్షేపపద్ధతి దీనికి తోడైనది. పై తరగతుల గ్రంథమును కుదించి క్రింది తరగతి పాఠము చేయుట వాడుక. కుదించునప్పుడు మొదట రాలిపోవునవి కొలతలు, వస్తువులు, ఊరిపేర్లు, కారణములు. మిగులునవి విశేషణములు. ఇరువది పుటలలో ఒక విశేషణమునకు ఆధారముగానున్న సంగతులు రెండు పుటలలో కానరావు. విశేషణము మాత్రము నిరాధారముగా నిలుచును. చిన్నవారికి చెప్పునపుడు సంగతుల సంఖ్య తగ్గింపవలసినదే. ఎన్నుకొన్న ఒక్క సంగతిలోని వివరములను తగ్గింపరాదు. పెద్దవానికి సారాంశముతో తృప్తి కలుగును, బాలునకు వివరములే కావలయును.

ఈ సూత్రము ననుసరించి పాఠమెట్లుండునో ఒక్క ఉదాహరణముచే చూపెదను. కాకతి గణపతిదేవుని పాఠమునకు ఆయన దండయాత్రల పట్టికకంటె మోటుపల్లి శాసనము మేలైన వస్తువు. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో సముద్రతీరమునందున్న గ్రామము. శాసనము క్రీ.శ. 1244 నాటిది. పూర్వపు రాజులు, గాలివానకు చెదరి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగువానిని బలాత్కారముగా లాగుకొనెడివారనియు, తాను అట్లు చేయక న్యాయమైన సుంకము మాత్రమే గైకొందుననియు ఆయన అందు ప్రకటించెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు.

ఈ శాసనము ఆధారముగా నలువది నిమిషముల పాఠమును నాలుగు మెట్లుగా నిర్మింపవచ్చును. మొదటి మెట్టు ప్రశ్న. ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినది, అది ఎవరిది? దొరికినవానిదా, రాజుదా, పోగొట్టుకొన్నవానిదా? దీనిపై అభిప్రాయము లేని బాలుడుండడు. రెండవ మెట్టు సాక్ష్యము. మోటుపల్లిలో ఒక రాతికంబమున్నది, దానిపై ఈ ప్రశ్నకు ఒక రాజు ఇచ్చిన సమాధానము చెక్కబడియున్నది అని చెప్పి, శాసనభావమును తేలికమాటలలో చదివి వినిపింపవలయును. మూడవ మెట్టు లెక్క. తొంబది మూటల సరకు దిగినచో రాజునకు ఎన్ని మూటలు? మూడు. మిగిలిన ఎనుబదియేడును వర్తకునివే. నాలుగవ మెట్టు విచారణ. రాజు ఇట్లేల చేసెను? దయచేతనా, వర్తకులు మరల రావలెననియా? రెండును కావచ్చును గదా! దయాగుణము రాజు తన్ను గుఱించి తాను చెప్పుకొన్న మాట యని తెలిసికొన్న బాలుడు, ప్రశస్తిని చదువు విద్యలో తొలి యక్షరము నేర్చుకొన్నవాడగును. అటుపిమ్మట 1358లో రెడ్డిరాజైన అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చెనని చెప్పినచో, అభయము మరల ఏల ఈయవలసివచ్చినదను ప్రశ్న తరగతిలో తనంతట పుట్టును. గణపతిదేవుడు ప్రజలను కన్నబిడ్డలవలె పాలించెనను వాక్యము ఈ పాఠములో ఎచటను లేదు. ఆయన ఎట్టివాడో బాలుడు తానే ఊహించుకొనును. పేరు మార్చినచో ఈ పాఠము నిలువదు.

కాలపరిజ్ఞానమును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. 1244 అను సంఖ్య ఎనిమిదేండ్ల బాలునకు ఉత్త అంకె. తాతయు తాతకు తాతయు వానికి తెలిసిన కాలమానము. తరమునకు ఇరువదియైదేండ్ల చొప్పున లెక్కించినచో మోటుపల్లి శాసనము నేటికి సుమారు ముప్పదియొక్క తరముల వెనుకటిది. తరగతిలోని బాలబాలికలను ముప్పదియొక్కరిని వరుసగా నిలువబెట్టి, మొదటివాడు నీవు, రెండవవాడు నీ తండ్రి, కడపటివాడు శాసనము చెక్కించిన దినములవాడు అని చూపిన, కాలము కంటికి కనబడును. పిల్లలు తక్కువయైన పాఠశాలలో త్రాటికి ముళ్లు వేసినను చాలును.

ఇక కథ సంగతి. బాలురకు కథ కావలెననుట నిజము. పలనాటి బాలచంద్రుని బొంగరాలాటకు మించిన బాలకథ మన చరిత్రలో అరుదు. బొంగరము తగిలి అన్నమ యను స్త్రీ గాయపడుట, ఆమె మాట బాలుని యుద్ధమునకు ప్రేరేపించుట ఎవరి మనస్సునైనను ఆకర్షించును. కాని ఈ కథను పాఠములో చేర్చువారు సామాన్యముగా దానిని జరిగిన సంగతిగానే వ్రాయుదురు. యుద్ధము పండ్రెండవ శతాబ్దిది. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద పదునైదవ శతాబ్దిది. నడుమ రెండువందల సంవత్సరములకు పైగా గడచినవి. అంతమాత్రమున కథను విడువనక్కఱలేదు. పాఠములో ఒక వాక్యము చేర్చినచో చాలును: పలనాటివారు ఈ కథను ఇట్లు పాడుకొందురు అని. కారెంపూడిలో నేటికిని ఏటేట వీరారాధన జరుగుచున్నది. క్రీడాభిరామములో ఓరుగంటి వీథిలో ఒక స్త్రీ పలనాటి వీరుల కథను పాడుట వర్ణింపబడినది. కావున బొంగరము తగులుట చరిత్రయగునో కాదో గాని, ఆ కథను జనులు శతాబ్దులుగా పాడుకొనుట నిస్సంశయముగా చరిత్రయే. ఈ భేదమును మూడవ తరగతి బాలుడు గ్రహింపలేడనుట వాని తెలివిని తక్కువ కట్టుటయే. అమ్మమ్మ చెప్పిన కథకును, నిన్న ఊరిలో జరిగిన సంగతికిని భేదము వానికి తెలియును.

క్రీడాభిరామమును పేర్కొంటిమి గనుక, అది పాఠనిర్మాణమునకు చూపు మార్గమును గుర్తింపవలయును. గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథుల వెంట తిరుగుచు కనబడినదెల్ల చెప్పుకొందురు. పూటకూళ్ల యింటిలో ఒక్క రూకకు దొరకు భోజనము మొదలు ఏకవీరాదేవి గుడి వఱకు అందున్నవి. అందలి శృంగారభాగము బాలురకు పనికిరాదు. కాని ఇద్దఱు స్నేహితులు ఒక దినము నగరములో తిరిగిరి అను చట్రము మాత్రము ఓరుగంటి పాఠమునకు అచ్చముగా సరిపోవును. ఇచటను జాగ్రత్త వలయును. ఈ గ్రంథము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు అనుసరణము. అది నేడు లభ్యము కాదు. కర్తృత్వ విషయమునను, వినుకొండ వల్లభరాయనిదని కొందఱును, శ్రీనాథునిదని వేటూరి ప్రభాకరశాస్త్రిగారును తలంచిరి. కావున అందలి నగరచిత్రమున ఏది 1323కు పూర్వపు కాకతీయ నగరమునకు చెందినదో నిర్ణయించుట పరిశోధకుని పని. ఆ నిర్ణయము చేసి ఉపాధ్యాయుని చేతికందించుట తెలుగుశాఖల పని. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యములనుండి ఆటలు, తిండి, కట్టు, నమ్మకములు ఏరి చూపిరి. ఆ గ్రంథము ప్రాథమికపాఠ రచయితకు గని వంటిది.

ఐదవ తరగతికి వచ్చునప్పటికి సాక్ష్యముల విభేదమును కూడ పాఠవస్తువు చేయవచ్చును. రుద్రమదేవిని మార్కోపోలో మరణించిన రాజుగారి భార్యగా పేర్కొనెను. శాసనములవలన ఆమె గణపతిదేవుని కుమార్తె యని తెలియుచున్నది. ఎవరి మాట నమ్మవలయును? దూరదేశమునుండి వచ్చి విన్నవానిదా, ఆమె రాజ్యమునందే చెక్కబడిన రాతిదా? ఆమె మరణమును గూర్చి మనకు తెలిసినది నల్లగొండ జిల్లా చందుపట్లలోని 1289 నాటి శాసనమువలన. ఒక సేవకుడు తన ప్రభువులకు పుణ్యముగా చేసిన చిన్న దానము ఒక మహారాణి చరిత్రకు ఆధారమైనది. రామప్ప గుడి విషయమును ఇట్టిదే. కట్టించినవాడు రేచర్ల రుద్రుడని 1213 నాటి శాసనము చెప్పును. జనుల నోట గుడికి నిలిచిన పేరు శిల్పిదని ప్రతీతి. రాయి ఒకరిని, లోకము వేఱొకరిని జ్ఞాపకముంచుకొనుట ఏలయని బాలురు ఆలోచింపదగును.

దీనికి మూడు ఆక్షేపణలు రావచ్చును. బాలురకు దేశభక్తి, పెద్దలయెడ గౌరవము కలిగింపవలెనుగాని సాక్ష్యవిచారణ యేల యనుట మొదటిది. ఆధారము తెలిసిన గౌరవము నిలుచును, తెలియనిది తొలి యెదురుప్రశ్నకు కూలును. వినుటయే నేర్చి అడుగుట నేర్వనివాడు రేపు ఎవరేది చరిత్రయన్నను నమ్మును. చరిత్ర పేరిట కలహములు పుట్టు ఈ దినములలో ఇది చిన్న నష్టము కాదు.

ప్రతి గ్రామమునకు శాసనము లేదుగదా యనుట రెండవది. శాసనము లేనిచోట చెఱువుండును, వీథిపేరుండును, వృద్ధులుందురు. కల్నల్ మెకంజీ, కావలి సోదరుల సహాయముతో సేకరింపించిన కైఫీయతులు అనేక గ్రామములకు కలవు. అయితే అవి ఎక్కువగా కరణాలు మొదలగువారి నోటివి. చెఱువు కట్టించినవాని పేరు వానిలో నుండును, మట్టి మోసినవారి పేరుండదు. ఈ చెఱువు మట్టి ఎవరు మోసిరి, వారి పేర్లు ఏల లేవు అను ప్రశ్న పాఠములో లేనిచో, తరగతిలోని సగము పిల్లల పూర్వులకు చరిత్రలో తావుండదు.

ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులు చెప్పుచోట ఇది సాధ్యమాయనుట మూడవది. ఇది న్యాయమైన ఆక్షేపణ. అందువలననే ఈ భారమును ఉపాధ్యాయునిపై నుంచక పాఠరచయితపై నుంచవలయునని నా వాదము. ప్రశ్న, సాక్ష్యము, లెక్క, విచారణ పాఠములోనే ఉన్నచో ఉపాధ్యాయుడు చదివించి ఊరకున్నను కొంత ప్రయోజనము సిద్ధించును. విశేషణములతో నిండిన పాఠమును మహోపాధ్యాయుడైనను బ్రదికింపలేడు.

భాష విషయమున రెండు మాటలు. ఈ వ్యాసపు భాష వేఱు, బాలపాఠపు భాష వేఱు. గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి పాఠశాలలో బోధింప మొదలిడినది చరిత్రయే యనుట మఱవరాదు. బాలునకు తెలిసిన మాటలో చెప్పినగాని తెలియని కాలము వానికి చేరదు. సుంకము, రూక, కైఫీయతు వంటి ఆనాటి మాటలను మాత్రము ఉంచి, వానిని వస్తువులవలె చేతికిచ్చి చూపవలయును. అవియును సాక్ష్యములే.

తెలుగుశాఖలు కావ్యపరిష్కరణమున, శాసనభాషా పరిశోధనమున చేసిన కృషి గొప్పది. ఆ ఫలము ప్రాథమిక పాఠశాలకు చేరునప్పటికి విశేషణములుగా మాఱిపోవుచున్నది. జిల్లాకు పది శాసనములను, పది కావ్యఘట్టములను ఎన్నుకొని, కాలనిర్ణయముతోను, తేలిక వచనముతోను, ఒక్కొక్క ప్రశ్నతోను ప్రకటించుట ఒక పరిశోధక విద్యార్థి చేయదగిన పని. అది సిద్ధాంతవ్యాసమునకు తక్కువైనది కాదు. దాని పాఠకులు మాత్రము లక్షలు.