తుక్కులోంచి లేచిన లిబరేటర్లు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాన్పూర్ చకేరీ మైదానంలో బి-24 లిబరేటర్ బాంబర్లు బారులు తీరి పడి ఉండేవి. అమెరికా అరువిచ్చిన సరుకు. అవసరం తీరాక మరెవరి చేతికీ పనికిరాకూడదని వాటిని కావాలనే పాడుచేసి వదిలేశారు. మీటర్లు పగలగొట్టారు, రేకుకు చిల్లులు పొడిచారు. ఇంజన్లలో ఇసుక పోశారనీ చెబుతారు.

1948లో బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కు మీద చెయ్యేశారు. ఒకదానిలో మిగిలిన మంచి భాగం ఊడదీసి ఇంకోదానికి తగిలించి, గాల్లోకి లేవడానికి ఎంత కావాలో అంతే కాన్పూర్‌లో బాగుచేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని సుమారు 1,500 కిలోమీటర్లు నడిపి బెంగళూరు చేర్చాడు. అసలు మరమ్మతు అక్కడ.

అదేమీ సులువైన యంత్రం కాదు. రెక్కల పొడవు 110 అడుగులు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి 14 సిలిండర్లు, సిలిండర్‌కి రెండేసి స్పార్క్ ప్లగ్గులు: మొత్తం 112. బాంబుల గది తలుపులు బయటికి తెరుచుకోవు. కొట్టు షట్టర్‌లా ఒంటి పక్కనే పైకి జారిపోతాయి. వాటి పట్టాలు కాస్త వంగినా తలుపు బిగుసుకుంటుంది. ఇలాంటివి 40కి పైగా నిలబెట్టారు. 1948 నవంబరులో భారత వాయుసేన ఐదో స్క్వాడ్రన్ వీటితోనే మొదలైంది. తర్వాత సముద్రం మీద గస్తీకీ వెళ్లి, 1968 దాకా పనిచేశాయి. పారేసిన సరుకు ఇరవై ఏళ్లు నడిచింది!

వాటిలో 1944లో తయారైన ఒకటి విరమణ తర్వాత 1981 దాకా బెంగళూరులోనే ఉండిపోయింది. బ్రిటన్ మీదుగా అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్‌కి చేరింది. అక్కడ సుమారు 4.2 లక్షల రివెట్లు మార్చి, 1989లో మళ్లీ ఎగరేశారు. ఓపికకు దండం పెట్టాల్సిందే. కానీ వాళ్ల ముందున్నది ఒక్క విమానం, ఎగిరితే వేడుక. బెంగళూరు వాళ్లకు వేడుక లేదు. మర్నాడు సిబ్బంది అందులో ఎక్కి డ్యూటీకి వెళ్లాలి. నా ఓటు బెంగళూరుకే.

ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో హెచ్‌ఈ 924 అని నంబరున్న లిబరేటర్ ఒకటుంది. వెళితే దగ్గర నిలబడి, ఆ రివెట్ల వరుస వెంట ఓసారి చూపు నడిపించండి.